బిలాస్‌పూర్ బాకీ, యోకొహామా నీడ

బొగ్గు రైళ్ల కూడలికీ, జపాన్‌లో సముద్రం ఒడ్డునున్న ఓ తోటకూ మధ్య ఠాగూర్ మిగిల్చిన లెక్క

బిలాస్‌పూర్‌కు సముద్రం లేదు. అర్పా నది ఉన్నా వేసవి వచ్చిందంటే అందులో నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ. సముద్రం చూడాలంటే కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సిందే. రైల్వే కాలనీలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆ రైలంటే పండక్కీ పెళ్లికీ సొంతూరికి తీసుకెళ్లే బండి. అయితే ఈ ఊరికీ జపాన్‌లోని ఓ సముద్ర తీరపు తోటకూ ఒక సంబంధం ఉంది. దాన్ని కలిపింది రవీంద్రనాథ్ ఠాగూర్.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఠాగూర్ పేరిట ఓ స్మారక ఫలకం ఉంది. రోజూ వేల మంది దాన్ని దాటుకుని వెళతారు. ఆగి చదివేది కొందరే. 1918లో వెలువడిన 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' అనే కథా కావ్యంలో ఈ స్టేషన్ కనిపిస్తుంది. ఫాంకి అంటే మోసం, ఎగవేత. కథ చిన్నదే. జబ్బుపడిన భార్య బినూను గాలి మార్పు కోసం భర్త రైల్లో తీసుకెళతాడు. ఇరుగ్గా బతికిన ఆ పిల్లకు అదే మొదటి పెద్ద ప్రయాణం. బిలాస్‌పూర్‌లో రైలు మారాలి, ఆరు గంటలు ఆగాలి. ఆ ఆరు గంటల్లో ఆమెకు రుక్మిణి అనే కూలీ భార్య పరిచయమవుతుంది. ఆ తల్లికి కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలి. ఇవ్వమని బినూ భర్తను అడుగుతుంది. సరేనంటాడు. తీరా రుక్మిణిని పక్కకు పిలిచి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. పాతికా ఇచ్చాడనుకున్న భార్య తృప్తిగా రైలెక్కుతుంది, రెండు నెలలకు కన్నుమూస్తుంది. పశ్చాత్తాపంతో భర్త మళ్లీ బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణి కోసం వెతుకుతాడు. ఆమె ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. బాకీ తీర్చుకునే దారి మూసుకుపోతుంది.

ఠాగూరే తన భార్య మృణాళినీ దేవిని పెండ్రా రోడ్డు శానిటోరియానికి తీసుకెళుతూ ఇక్కడ ఆగారని బిలాస్‌పూర్‌లో గట్టిగా నమ్ముతారు. కావ్యంలో 'నేను' అన్నవాడు కవే అనుకోవడం వల్ల బలపడిన నమ్మకమిది. జీవిత చరిత్ర నిక్కచ్చిగా చెప్పేది మృణాళిని 1902 నవంబర్‌లో కలకత్తాలోని జొరాసాంకో ఇంట్లో కన్నుమూశారని. కావ్యంలోని భర్త కల్పిత పాత్ర కావచ్చు. కానీ ఆయన ఎగ్గొట్టిన ఇరవై మూడు రూపాయలు మాత్రం సాహిత్యంలో బిలాస్‌పూర్ ఖాతాలోనే రాసి ఉన్నాయి.

ఇక రెండో ఊరు యోకొహామా. 'పలాతక' రావడానికి రెండేళ్ల ముందు, 1916 మే 29న ఠాగూర్ కోబే రేవులో దిగారు. నోబెల్ బహుమతి వచ్చి అప్పటికి మూడేళ్లే. జపాన్ జనం విరగబడి చూశారు. ఆ హడావుడి నుంచి తప్పించి ఆయనకు ఆశ్రయమిచ్చింది హారా తోమితారో అనే పట్టు వ్యాపారి. యోకొహామా శివార్లలో, హొన్మొకు తీరాన, ఆయన తోట 'సాంకెయెన్' ఉంది. మూడు లోయల తోట అని అర్థం. ఆ వేసవిలో ఎక్కువ భాగం ఠాగూర్ అక్కడే, సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న షోఫుకాకు అనే భవనంలో గడిపారు. పైన్ చెట్ల గాలి వీచే మేడ అని ఆ పేరుకు అర్థం. సెప్టెంబర్ మొదట్లో అక్కడి నుంచే అమెరికా ఓడ ఎక్కారు. అదే ఏడాది వచ్చిన 'స్ట్రే బర్డ్స్' పుస్తకాన్ని ఆయన అంకితమిచ్చింది యోకొహామా వాసి హారాకే.

సాంకెయెన్‌కు వెళ్లడం ఇప్పుడు కష్టమేమీ కాదు. టోక్యో నుంచి యోకొహామాకు రైల్లో అరగంట. అక్కడి నుంచి సిటీ బస్సు. తోట విస్తీర్ణం సుమారు 1,75,000 చదరపు మీటర్లు, అంటే నలభై ఎకరాల పైచిలుకు. గేటు దాటగానే పెద్ద కొలను, దాని ఆవల గుట్ట మీద మూడంతస్తుల పగోడా కనిపిస్తాయి. ఆ పగోడా ఇక్కడ కట్టింది కాదు. 1457 నాటి ఆ కట్టడాన్ని క్యోటో ప్రాంతంలోని పాడుబడ్డ గుడి నుంచి ముక్కలుగా విప్పి తెచ్చి 1914లో తిరిగి నిలబెట్టారు. అలా క్యోటో నుంచీ కామకురా నుంచీ హారా తెచ్చిన పాత ఇళ్లు, గుళ్లు, టీ గదులు చెట్ల మధ్య దాక్కుని ఉంటాయి. ఫిబ్రవరిలో ప్లమ్ పూలు, ఏప్రిల్‌లో చెర్రీ, ఎండాకాలం తామరలు, నవంబర్‌లో ఎర్రబడ్డ మేపుల్ ఆకులు. ఏ కాలంలో వెళ్లినా పనివారాల్లో ఉదయం పూట జనం పలచగా ఉంటారు. నీళ్ల చప్పుడు, కొంగలు, ఆకులూడ్చే తోటమాలి చీపురు తప్ప మరో సందడి ఉండదు.

ఈ తోటలో చూడాల్సిన చెట్టు ఒకటుంది. నేల మీదికి వాలి మెలికలు తిరుగుతూ పెరిగే ప్లమ్ చెట్టు అది. జపాన్ వారు దాన్ని 'పడుకున్న డ్రాగన్' అంటారు. షిమోమురా కాన్జాన్ అనే చిత్రకారుడు 1915లో గీసిన 'యోరోబోషి' అనే తెరల చిత్రానికి ఈ తోటలోని ప్లమ్ చెట్టే నమూనా. నో నాటకంలోని కథ ఆధారంగా గీసిన బొమ్మ అది. చాడీలు నమ్మిన తండ్రి కొడుకును ఇంట్లోంచి తరిమేస్తాడు. ఏడ్చి ఏడ్చి చూపు పోయిన ఆ బిడ్డ బిచ్చగాడై తిరుగుతుంటాడు. ఓ సాయంత్రం గుడి ముంగిట పూలు రాలుతున్న ప్లమ్ చెట్టు కింద నిలబడి, తనకు కనపడని అస్తమయ సూర్యుడికి చేతులు జోడిస్తాడు. చిత్రకారుడు పట్టుకున్న క్షణం అదే. నాటకంలో చేసిన తప్పుకు కుమిలిపోతూ దానధర్మాలు చేయడానికి వచ్చిన తండ్రికి అక్కడే కొడుకు దొరుకుతాడు.

హారా దగ్గర ఆ చిత్రాన్ని చూసిన ఠాగూర్ కదిలిపోయారు. దాని నకలు తనకు కావాలని కోరారు. అరాయ్ కాంపో అనే చిత్రకారుడు ఆ నకలు తయారుచేశారు. ఆ తర్వాత ఆయన్నే కలకత్తాకు ఆహ్వానించారు. జొరాసాంకోలో జపాన్ కుంచె పద్ధతిని బెంగాలీ చిత్రకారులకు నేర్పింది ఆయనే. అసలు చిత్రం ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియం సొత్తు.

యోరోబోషికీ ఫాంకికీ చుట్టరికం కలపాల్సిన పనిలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒక కథలో తప్పు చేసినవాడికి తాను తప్పు చేసిన మనిషి మళ్లీ దొరుకుతాడు. రెండో కథలో దొరకదు. మొదటి కథలో చెట్టూ గుడీ స్థిరంగా నిలబడి ఉన్నాయి, కాబట్టి ఇద్దరూ అక్కడికే చేరారు. రెండో కథ జరిగింది రైల్వే ప్లాట్‌ఫారం మీద. అక్కడ కూలీ మనిషికి చిరునామా ఉండదు.

ఈ చిరునామా లేనితనం బిలాస్‌పూర్ చరిత్రలోనే ఉంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్‌ను అసన్‌సోల్‌తో కలిపింది. బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. అడవుల మధ్య పట్టాలు పరిచేందుకు, గ్యాంగుల్లో పనిచేసేందుకు, ఇంజన్లలో బొగ్గు వేసేందుకు మనుషులు కావలసివచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కూ, చక్రధర్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ వలసలు మొదలయ్యాయి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా వేసిన లైను 1931లో రాయపూర్ చేరడంతో దారి సులువైంది. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. జోన్ల పేర్లు మారినప్పుడల్లా శిలాఫలకాలు లేచాయి. పట్టాలు మోసిన గ్యాంగ్‌మన్ల పేర్లు ఏ ఫలకం మీదకూ ఎక్కలేదు. వాళ్లంతా రుక్మిణి దారిలోనే పోయారు.

ఆ కంపెనీ దొరలు మిగిల్చినవాటిలో మంచిది ఏదైనా ఉందంటే, అది కాలనీల తీరు. వెడల్పు రోడ్లు, బంగళాల చుట్టూ ఖాళీ జాగా, బాటల వెంట వేప, మర్రి, నిద్రగన్నేరు లాంటి నీడ చెట్లు. నీడలోనూ హోదా పంపకం ఉండేదన్నది నిజం. ఆఫీసర్ బంగళాకు చుట్టూ తోట, ఖలాసీ లైనుకు వాకిట్లో ఓ వేప చెట్టు. అయినా వందేళ్లు గడిచాక ఆ చెట్లు హోదా మరిచిపోయాయి. బుధ్వారీ బజారుకు వెళ్లే మనిషి ఎవరైనా వాటి కిందే నడవాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు ఎగబాకే ఊళ్లో నీడ అలంకారం కిందికి రాదు. అది మంచినీళ్ల లాంటి వసతి.

హారా తోట ప్రత్యేకత కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. ఆయన ఆ కాలపు జపాన్ కుబేరుల్లో ఒకరు. 1902 నుంచి తోమియోకా పట్టు మిల్లు ఆయన సంస్థ చేతిలో ఉంది. ఆ మిల్లు 2014లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. బిలాస్‌పూర్‌కు కొద్ది స్టేషన్ల దూరంలోని చాంపాలో కోసా పట్టు నేసే ఇళ్లను చూసినవారికి పట్టు వెనుక ఎంత కూలి శ్రమ ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ డబ్బుతో తోట పెంచిన హారా, 1906లో బయటి తోట గేటు జనానికి తెరిచేశారు. ఇంకా పని సాగుతుండగానే, తాను అదే ఆవరణలో కాపురముంటూనే, ఎవరైనా రావచ్చు, తిరగవచ్చు అన్నారు. అందమైన ప్రకృతి ఒకరి సొంతం కాదన్నది ఆయన నమ్మకం.

1923 సెప్టెంబర్ 1న మహా భూకంపం యోకొహామాను నేలమట్టం చేసింది. ఠాగూర్ ఉన్న షోఫుకాకు కూలింది. దాని ఇటుకల మొండిగోడలు నేటికీ గుట్ట మీద కనిపిస్తాయి. హారా కళాఖండాలు కొనడం పక్కనపెట్టి ఊరి పునర్నిర్మాణ బాధ్యత తలకెత్తుకున్నారు. 1945లో బాంబు దాడులు తోటనూ వదల్లేదు. 1953లో హారా కుటుంబం నుంచి తోట ఒక ఫౌండేషన్ చేతికి వచ్చింది. దెబ్బతిన్న కట్టడాలను బాగుచేసి, 1958లో లోపలి తోటనూ తెరిచారు. 2007లో జాతీయ రమణీయ స్థలంగా ప్రకటించారు. ఇప్పుడు టికెట్ ఉంది, వేళలున్నాయి. కానీ గేటు తెరిచే ఉంది.

అలాగని సాంకెయెన్ కథ అంతా శుభమే అనుకోనక్కర్లేదు. ఠాగూర్ కిటికీలోంచి చూసిన సముద్రం ఇప్పుడు అక్కడ లేదు. 1960లలో హొన్మొకు తీరాన్ని పూడ్చి పరిశ్రమలకు ఇచ్చేశారు. మొండిగోడల పక్కనున్న వేదిక ఎక్కి చూస్తే ఎక్స్‌ప్రెస్ రహదారి, చమురు ట్యాంకులు, పొగ గొట్టాలు, వాటి వెనకెక్కడో నీళ్లు కనిపిస్తాయి. చెట్లను పొదివి కాపాడుకున్న దేశమే వాటి ముందున్న సముద్రాన్ని అభివృద్ధికి రాసిచ్చేసింది. చేపలు పట్టే పల్లెలు, స్నానాల తీరం పోయాయి. అక్కడ పారిశ్రామిక వృద్ధి ఏం అడిగిందో, ఇక్కడ బొగ్గు అదే అడుగుతోంది. దేశంలో అత్యధికంగా సరుకు ఎత్తే రైల్వే డివిజన్లలో బిలాస్‌పూర్ ఒకటి. 2022లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు అందించాలన్న తొందరలో ఈ జోన్‌లో ప్యాసింజర్ రైళ్లను పెద్ద సంఖ్యలో రద్దు చేశారు. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ అభ్యంతరం చెప్పాల్సివచ్చింది. బొగ్గు కదిలింది, మనుషులు ప్లాట్‌ఫారం మీద ఆగిపోయారు.

ఠాగూర్ 1916లో జపాన్‌కు చెప్పింది ఈ కోవకు చెందిన మాటే. టోక్యోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో జపాన్ సౌందర్య దృష్టిని మనసారా మెచ్చుకున్నారు. పశ్చిమం నుంచి యంత్రాలతో పాటు జాతీయోన్మాదాన్నీ దిగుమతి చేసుకోవద్దని హెచ్చరించారు. మొదట నెత్తిన పెట్టుకున్న పత్రికలే తర్వాత ఆయన్ను ఓడిపోయిన దేశపు కవి అని తేలిక చేశాయి. ఆయన్ను సాగనంపేటప్పుడు వచ్చిన జనం, దిగినప్పుడు వచ్చిన జనంతో పోలిస్తే నామమాత్రం. ఆ ఉపన్యాసాలు 1917లో 'నేషనలిజం' పుస్తకంలో చేరాయి. 1938లో చైనాపై యుద్ధాన్ని సమర్థిస్తూ కవి యోనే నొగుచి లేఖ రాస్తే ఠాగూర్ నిర్మొహమాటంగా తిరస్కరించారు. ఆ యుద్ధం చివరికి యోకొహామాను బూడిద చేసింది. మాట వినని ఊరు మాట్లాడిన మనిషి గడిపిన తోటను మాత్రం కాపాడుకుంది.

తెలుగువారికి ఠాగూర్ పరాయివాడు కాదు. 1919లో మదనపల్లెలో ఉండగానే 'జనగణమన'కు ఇంగ్లీషు రూపమిచ్చారు. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవుడి మీద ఉపన్యాసాలిచ్చారు. చలం చేతిలో గీతాంజలి తెలుగైంది. జ్ఞాపకాల విషయంలో మనకు లోటు లేదు. జ్ఞాపకం నిలబడాల్సిన చోటును నిలబెట్టుకోవడంలోనే లోటు.

జపాన్‌లో ఇది మనుషుల మంచితనానికే వదిలేసిన విషయం కాదు. ప్రకృతి స్మారకాలను కాపాడే చట్టం అక్కడ 1919లోనే వచ్చింది. 1950 నాటి సాంస్కృతిక ఆస్తుల చట్టం దాన్ని తనలో కలుపుకుంది. 1962లో పట్టణాల్లోని చెట్ల కోసమే మరో చట్టం తెచ్చారు. దాని కింద మున్సిపాలిటీ ఒక చెట్టును గుర్తించి ప్రకటిస్తే, అది ఎవరి స్థలంలో ఉన్నా సరే, దాని సంరక్షణ యజమాని బాధ్యత అవుతుంది.

మన దగ్గర చట్టాలు లేవని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం చేసింది. యాభై ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించేందుకు మహారాష్ట్ర 2021లో చట్టం సవరించింది. మనసుపెడితే ఏం చేయగలమో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూపించింది. చెదలు పట్టిన ఆ మహావృక్షానికి 2018లో సెలైన్ సీసాల ద్వారా చుక్కచుక్కగా మందు ఎక్కించి బతికించుకున్నారు. కానీ పిల్లలమర్రికి పేరుంది, పర్యాటకులున్నారు. రైల్వే కాలనీలో వరుసలో మూడో వేప చెట్టుకు ఏ పేరూ లేదు. పేరులేని చెట్టు ఫైలులో 'అడ్డంకి' అయిపోతుంది.

ఆ చెట్టుకు ఖరీదు కట్టే ప్రయత్నమూ జరిగింది. పశ్చిమ బెంగాల్‌లో ఐదు రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2020లో కోర్టు వేసిన నిపుణుల కమిటీ ఒక చెట్టు విలువ ఏడాదికి రూ.74,500 అని తేల్చింది. చెట్టు వయసును దాంతో హెచ్చవేయాలి. వందేళ్లు దాటిన వారసత్వ వృక్షమైతే విలువ రూ.కోటి దాటుతుందని చెప్పింది. ఆ లెక్క చూసి అందరూ నోరెళ్లబెట్టారు. చివరికి 2023లో ఆ చెట్లు కొట్టడానికి కోర్టు అనుమతిచ్చింది. వంతెనలూ అవసరమే, లెవల్ క్రాసింగుల దగ్గర పోయే ప్రాణాలూ ప్రాణాలే. అయితే ఒక్క మేలు జరిగింది. చెట్టు కొట్టేటప్పుడు కలప ధర ఒక్కటే రాసుకుంటే సరిపోదన్న ప్రశ్న రికార్డులోకి ఎక్కింది.

ఇప్పుడు బిలాస్‌పూర్ స్టేషన్ అమృత్ భారత్ పథకం కింద కొత్త రూపు దిద్దుకునే క్రమంలో ఉంది. లైన్లు పెరుగుతున్నాయి, డిపోలు విస్తరిస్తున్నాయి. వద్దనేవారెవరూ లేరు. కూర్చోవడానికి చోటు, ఎక్కడానికి ఎస్కలేటర్, తాగడానికి నీళ్లు ఎవరికి చేదు? అడగాల్సింది ఒక్కటే. పాత కాలనీల్లో ఏ చెట్టు ఎక్కడుంది, వయసెంత, దాని కింద ఎవరు బతుకుతున్నారు అన్న పట్టిక ముందుగా తయారవుతుందా? రైల్వే స్థలం మున్సిపాలిటీది కాదు, మున్సిపాలిటీ నీడ రైల్వేకు పట్టదు. ఈ సందులో చెట్టు పోతుంది. పట్టిక తయారుచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జోన్ కేంద్ర కార్యాలయం, నగర పాలక సంస్థ, అటవీ శాఖ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే చాలు. ఆ పట్టికలో చెట్ల పక్కనే ఆ లైన్లలో బతికిన వారి పేర్లు కూడా రాయొచ్చు. ఎవరి నాన్న ఏ గ్యాంగులో పనిచేశాడో చెప్పగల ముసలివాళ్లు తెలుగు ఇళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లు ఎంతో కాలం ఉండరు.

సాంకెయెన్‌లో గైడ్లు షోఫుకాకు మొండిగోడలు చూపించి ఠాగూర్ ఇక్కడున్నారని చెబుతారు. గోడ కూలినా చోటు మిగిలింది, చోటుకు నీడ మిగిలింది, కాబట్టి ఆ మాటకు ఆధారం ఉంది. బిలాస్‌పూర్‌లో ఫలకం ఉంది. అది చెప్పే కథ ఒక పెద్దమనిషి ఒక కూలీ మనిషిని మోసగించడం. ఏ స్టేషనూ అంత నిజాయితీ గల కథను గోడకు తగిలించుకోలేదు. రుక్మిణి ఇక దొరకదు, ఆమె పాతిక రూపాయలు చెల్లించే వీలూ లేదు. కానీ ఆమె లాంటి వాళ్లు మూటలు దించుకుని కాసేపు నిలబడే నీడ మాత్రం ఇంకా ఆ ఊరి చేతిలోనే ఉంది. దాన్నీ ఎగ్గొడితే ఈసారి మోసం కావ్యంలో ఉండదు, రైల్వే లెక్కల్లో ఉంటుంది.